సమస్య పత్రంలోనే వీడియో కాల్: డెల్టా విస్తరణ సేవలలో బ్రౌజరు సాంకేతికత

సార్వా వరి పొట్టదశకు చేరే వేళ గోదావరి డెల్టా రైతు ఫోనులో శాస్త్రవేత్తకు చెప్పే మాట తరచుగా ఒకటే: "చేను పచ్చబడుతోంది." తెలుగులో పచ్చదనమూ పచ్చబడటమూ ఒకే పదం నుండి పుట్టినవి కావడంతో వినేవారికి మొదటి తికమక అక్కడే ఎదురవుతుంది. అది పసుపు రంగేనని తేలిన తరువాత కూడ కనీసం మూడు అనుమానాలు మిగులుతాయి. చేను అంతటా ముదురాకులు పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. ఆకుల అంచులు అలల వలె పసుపెక్కి ఎండుతూ వస్తే బాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు. మడి నడుమ గుండ్రంగా మొదలై వెడల్పవుతుంటే దుబ్బుల మొదళ్ళలో సుడిదోమ చేరి ఉండవచ్చు.

ఈ నిర్ణయం తప్పితే నష్టం రెట్టింపవుతుంది. నత్రజని లోపమని భావించి యూరియా వేయిస్తే అటు ఎండాకు తెగులు, ఇటు సుడిదోమ రెండూ ఉధృతమవుతాయి. దోమ అని గుర్తించినా, దగ్గరి దుకాణంలో దొరికిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందును పిచికారి చేస్తే సహజ శత్రువులు నశించి దోమ మునుపటి కంటె ఎక్కువగా తిరిగి వృద్ధి చెందుతుంది. వలయం వ్యాపించడానికి వారాలు అక్కరలేదు, కొద్ది రోజులు చాలు. శాస్త్రవేత్త స్వయంగా పొలానికి చేరడానికి పట్టే కాలం సాధారణంగా అంతకంటె ఎక్కువే. ఈ వ్యవధిని తగ్గించేందుకు వీడియో కాల్ ఎంతవరకు ఉపకరిస్తుంది, దానిని సలహా వేదికలో ఏ విధంగా చేర్చాలి అన్నదే ఇక్కడి చర్చ.

మాట వినిపించే మార్గం, బొమ్మ కనిపించే మార్గం

2004వ సంవత్సరంలో రెండు వేర్వేరు ప్రయత్నాలు ఆరంభమయ్యాయి. ఆ ఏడాది జనవరి 21న దేశవ్యాప్తంగా కిసాన్ కాల్ సెంటర్లు మొదలైనాయి. 1800-180-1551 నంబరుకు ఫోను చేసిన రైతుకు తన భాషలోనే సమాధానం లభించింది. అక్కడ మాట ఉంది, దృశ్యం లేదు. అదే సంవత్సరం హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి., మీడియా ల్యాబ్ ఏషియా సంస్థలు వరంగల్ జిల్లాలో 'ఈ-సాగు' పథకాన్ని చేపట్టాయి. ఊరుగొండ పరిసరాలలోని 3 గ్రామాలలో 1,051 పత్తి క్షేత్రాలకు సమన్వయకర్తలు క్రమం తప్పకుండ వెళ్ళి ఫొటోలు తీసేవారు. హైదరాబాదులోని వ్యవసాయ నిపుణులు ఆ ఫొటోలు చూసి, ఒక్కొక్క క్షేత్రానికి విడివిడిగా సలహా వ్రాసేవారు. ఇక్కడ దృశ్యం ఉంది, సంభాషణ లేదు.

ఈ-సాగులో ఒక వివరం నేటికీ గమనార్హం. ఫొటోలు సీడీలలో కొరియరు ద్వారా హైదరాబాదుకు చేరేవి. సలహా మాత్రం డయల్-అప్ కనెక్షను మీద గ్రామానికి తిరిగి వచ్చేది. అనగా గ్రామం నుండి నగరానికి వెళ్ళవలసిన సమాచారం బరువైనది, నగరం నుండి గ్రామానికి రావలసినది తేలికైనది. వినోదం కోసం నిర్మించిన ఇంటర్నెట్ వ్యవస్థ దీనికి సరిగ్గా తలక్రిందులు. సినిమా దింపుకొనడానికి దారి విశాలం, పొలం దృశ్యాన్ని పైకి పంపడానికి దారి ఇరుకు. రెండు దశాబ్దాలలో వేగం ఎన్నో రెట్లు పెరిగినా ఈ అసమానత పోలేదు.

2020 మే 30న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రైతు భరోసా కేంద్రాలు ఏర్పడ్డాయి. 2024లో వాటికి రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. వీటితో ప్రతి గ్రామానికి చేరువలో ఒక గ్రామ వ్యవసాయ సహాయకుడు, ఒక కంప్యూటరు, ఒక చిరునామా లభించాయి. 2021 జూలై 16న భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి, డిజిటల్ ఇండియా కార్పొరేషన్ కలిసి ప్రారంభించిన 'కిసాన్ సారథి' రైతును కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలతో కలిపే మార్గం తెరచింది. కావలసిన మనుషులూ స్థానాలూ ఉన్నాయి. మాటనూ దృశ్యాన్నీ ఒకే చోటికి తేవడమే మిగిలింది.

బ్రౌజరులో వీడియో ఎలా సాధ్యమైంది

వీడియో కాల్‌కు ప్రత్యేక సాఫ్ట్‌వేరు స్థాపించవలసిన అవసరాన్ని తొలగించినది 'వెబ్ ఆర్.టి.సి.' అనే సాంకేతికత. 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే సంస్థను కొనుగోలు చేసిన గూగుల్, 2011లో దాని ధ్వని, దృశ్య సాంకేతికతను బహిరంగపరచింది. 2013లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ల మధ్య నేరుగా కాల్ జరిగింది. 2017లో ఆపిల్ సఫారీ కూడ ఇందులో చేరింది. 2021 జనవరి 26న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనిని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఈనాడు సాధారణ ఆండ్రాయిడ్ ఫోనులోని బ్రౌజరుకు కూడ ఈ సామర్థ్యం ఉంది. లింకు తాకి, కెమెరాకు అనుమతినిస్తే చాలును. పేజీ మాత్రం తప్పనిసరిగా సురక్షిత మార్గంలో, అనగా 'హెచ్.టి.టి.పి.ఎస్.' చిరునామాతో తెరుచుకోవాలి. లేనిచో బ్రౌజరు కెమెరాను తాకనివ్వదు.

ఈ ప్రమాణం ఒక పనిని ఉద్దేశపూర్వకంగా వదిలివేసింది. ఎవరు ఎవరిని పిలవాలి, పిలుపు ఎట్లా అందాలి అన్నది అది నిర్దేశించదు. ఆ బాధ్యత వేదికది. ఇది లోపంగా తోచవచ్చును గాని, ఉమ్మడి సలహా వేదికకు ఇదే అనుకూలం. గ్రామ సహాయకుడు, కీటక శాస్త్రవేత్త, తెగుళ్ళ శాస్త్రవేత్త, సేద్య శాస్త్రవేత్త అందరూ ఒకే సమస్య పత్రంలో వ్రాసే వేదిక ఇప్పటికే ఉన్నదనుకొంటే, ఎవరు లాగిన్ అయి ఉన్నారో, ఏ పత్రం ఎవరి ముందు తెరచి ఉన్నదో దానికి తెలుసు. ఆ సందేశ మార్గంలోనే పిలుపు కూడ పంపవచ్చు. అపుడు వీడియో కాల్ వేరొక యాప్‌లో, పత్రంతో సంబంధం లేకుండ జరగదు. మడి వివరాలు, వేసిన రకం, ఊడ్పుల తేదీ, ఎరువుల చరిత్ర శాస్త్రవేత్త కళ్ళెదుట ఉండగా, వాటి ప్రక్కనే చేను కనిపిస్తుంది. వాట్సాప్ వీడియో కాల్ ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇదే. వాట్సాప్‌లో చూసినది ఫోను పెట్టేయగానే పోతుంది. మరుసటి వారం అదే చేనును మరొక శాస్త్రవేత్త చూడవలసి వస్తే కథ మొదటి నుండి చెప్పుకోవాలి.

ప్రోగ్రామర్లు అందుబాటులో లేని విశ్వవిద్యాలయ విభాగాలు దీనిని మొదటి నుండి నిర్మించనక్కరలేదు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2003లో విద్యార్థి ప్రాజెక్టుగా ఆరంభమైన జిట్సీ, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో 2007లో పుట్టిన బిగ్‌బ్లూబటన్ రెండూ బహిరంగ సాఫ్ట్‌వేర్లు. వీటిని సొంత సర్వరులో నిలిపి, వేదిక పేజీలో పొదగవచ్చు. 2022లో వెలువడిన మూడుల్ 4.0లో బిగ్‌బ్లూబటన్ అంతర్భాగంగానే వస్తోంది. తరగతుల కోసం మూడుల్ వాడిన విద్యార్థులకు ఈ అమరిక పరిచితమే.

వైద్యరంగం నేర్పే పాఠం

తెలుగునాట బ్రౌజరు ద్వారా దూర పరీక్ష విస్తృతంగా అమలైన రంగం వైద్యం. మొహాలీలోని సి-డాక్ రూపొందించిన 'ఈ-సంజీవని' సేవను ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలలో అందరికంటె ముందు, 2019 నవంబరులో, అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2023 ఫిబ్రవరిలో దేశంలో మొత్తం సంప్రదింపులు 10 కోట్లు దాటినపుడు, అందులో 3.17 కోట్లు ఈ ఒక్క రాష్ట్రానివే.

ఈ-సంజీవనిలో రెండు పద్ధతులున్నాయి. మొదటిదానిలో ఉపకేంద్రంలోని ఆరోగ్య అధికారి రోగి ప్రక్కన కూర్చుని, దూరాన ఉన్న వైద్యునితో మాట్లాడిస్తారు. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, మొదలైన రెండవదానిలో రోగి ఇంటి నుండి నేరుగా వైద్యుని పిలుస్తాడు. సంప్రదింపులలో సింహభాగం మొదటి పద్ధతిలోనే జరిగింది. దీనికి కారణం ఫోను లేకపోవడం ఒక్కటే కాదు. రక్తపోటు చూసేందుకు, ఎక్కడ నొక్కితే నొప్పి ఉన్నదో చెప్పేందుకు రోగి చెంత శిక్షణ పొందిన చేయి ఒకటి ఉండాలి. పొలంలోనూ అంతే. దుబ్బును విడదీసి మొదలు చూపవలసిన చేయి, ఆకు కోసి నీటిలో ఉంచవలసిన చేయి గ్రామ వ్యవసాయ సహాయకునిది. రైతులందరి చేతికి నేరుగా ఒక వీడియో మీట ఇవ్వడం కంటె, సహాయకుడు రైతుతో కలిసి గట్టు మీద నుండి చేసే కాల్‌కు ప్రాధాన్యమివ్వడం ఉచితం. రైతు ఆ సంభాషణలో శ్రోతగా మిగిలిపోకూడదు. ఏ రోజున నీరు తీశారో, ఏ మందు ఎన్ని ట్యాంకులు కొట్టారో చెప్పవలసినది ఆయనే.

ముఖానికి కాదు, మొక్కకు

వీడియో కాల్ సాంకేతికత అంతా మనిషి ముఖాన్ని దృష్టిలో ఉంచుకొని రూపుదిద్దుకొన్నది. పంట పరీక్షకు దానిని ఉన్నదున్నట్లుగా వాడితే శాస్త్రవేత్త మోసపోయే ప్రమాదం ఉంది. విస్తరణ విభాగాలు అతి తక్కువగా గమనించే అంశమిదే.

మొదటిది రంగు. వెబ్ ఆర్.టి.సి. బ్రౌజర్లన్నీ తప్పనిసరిగా అర్థం చేసుకోవలసిన వీపీ8, హెచ్.264 కుదింపు విధానాలలో వెలుగు వివరాలు పూర్తిగా నమోదవుతాయి, రంగు వివరాలు మాత్రం నాలుగు బిందువులకు ఒకటి చొప్పున నమోదవుతాయి. మనిషి కన్ను వెలుగు తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాలను పట్టదు కనుక ముఖం చూడటానికి ఇది లోపంగా తోచదు. కాని జింకు లోపించిన వరి ఆకు మీది తుప్పు రంగు మచ్చలు, పొటాష్ లోపంతో ముదురాకుల అంచులు ఎండే తీరు, ఎండాకు తెగులు అంచున కనిపించే సన్నని పసుపు గీత ఇవన్నీ చిన్న విస్తీర్ణంలోని రంగు తేడాలే. కుదింపులో మొదట పోయేవి అవే. దీనికి తోడు ఫోను తనంతట తాను తెలుపు సమతుల్యాన్ని మార్చుకొంటుంది. మబ్బు కమ్మిన సార్వా మధ్యాహ్నం తీసిన ఆకు ఒక రంగులో, దాళ్వా ఎండలో తీసినది మరొక రంగులో కనిపిస్తుంది. ఆకు ప్రక్కన ఒక తెల్ల కాగితం ఉంచమనడం దీనికి చవకైన విరుగుడు.

రెండవది స్పష్టత. సిగ్నలు బలహీనపడినపుడు బ్రౌజరు సాధారణంగా కదలిక సాఫీగా ఉండేటట్లు చూసి, చిత్రం పరిమాణాన్ని తగ్గిస్తుంది. మాట్లాడే పెదవులకు అది సరియే. కదలని దుబ్బుకు అది పూర్తిగా వ్యతిరేకం. సెకనుకు 5 చిత్రాలు వచ్చినా ఫరవాలేదు, ఒక్కొక్కటి స్పష్టంగా ఉండాలి. ప్రోగ్రాములో దృశ్యమార్గానికి 'కంటెంట్ హింట్' అనే గుణాన్ని 'డీటెయిల్' అని నిర్దేశిస్తే, దానిని పాటించే బ్రౌజరు స్పష్టతను కాపాడి కదలికను త్యాగం చేస్తుంది. ఒక్క పంక్తి మార్పు ఇది. అట్లాగే కాల్ మొదలు కాగానే సహాయకుని ముఖం కాక వెనుక కెమెరా తెరుచుకొనేటట్లు ముందే నిర్దేశించాలి. ఇది చిన్న విషయమే. కాని బురద చేతులతో మడిలో నిలబడి కెమెరా మార్చే మీట కోసం వెదకే వ్యక్తికి అది చిన్న విషయం కాదు.

ఈ సవరణలన్నీ చేసిన తరువాత కూడ వీడియోతో తీరని అవసరం ఒకటి ఉంది. కోనసీమ కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమ ఉదాహరణ తీసుకొందాం. 2016లో మన దేశంలో మొదటిసారిగా నమోదైన ఈ పురుగును ఎన్‌కార్సియా గ్వాడెలూపె అనే పరాన్నజీవి అదుపు చేయగలదు. మందు కొట్టించాలా, పరాన్నజీవిని పని చేసుకోనివ్వాలా అన్నది తేల్చేందుకు ఆకు అడుగున ఖాళీ ప్యూపాలను చూడాలి. దోమ తానుగా వెలువడితే చీలిక మిగులుతుంది, పరాన్నజీవి కొరుక్కొని వెలువడితే గుండ్రని రంధ్రం మిగులుతుంది. ఈ తేడాను ఏ వీడియో కాల్ కూడ చూపలేదు. భూతద్దం అమర్చి తీసిన నిశ్చల చిత్రం చూపగలదు. అందుచేత కాల్ నడుస్తుండగానే, దానికి అంతరాయం లేకుండ, పూర్తి స్పష్టత గల ఫొటో తీసి సమస్య పత్రంలో చేర్చే మీట తప్పనిసరి. శాస్త్రవేత్త వీడియోలో చూస్తూ "ఆ ఆకు తిప్పండి, ఆ మచ్చ దగ్గర తీయండి" అని నిర్దేశించాలి, నిర్ధారణ మాత్రం ఫొటో చూసి చేయాలి. ఫొటో ఒక్కటే చాలదా అంటే, ఏది ఫొటో తీయాలో తెలియకపోవడమే ఫొటోల ద్వారా సలహా ఇచ్చే పద్ధతిలోని చిరకాల సమస్య. నలభై ఫొటోలలో దుబ్బు మొదలు ఒక్కదానిలోనూ ఉండదు.

అడిగి చేయించే పరీక్షలు

వీడియో కాల్ నిజంగా విలువైనదయ్యేది కాలంతో కూడిన పరీక్షలలో. ఎండాకు తెగులును లోపాల నుండి వేరు చేసేందుకు మచ్చ అంచు వద్ద ఆకు ముక్కను కత్తిరించి, గాజు గ్లాసులోని తేట నీటిలో నిలువుగా ఉంచాలి. బాక్టీరియా ఉన్నచో కొద్ది నిమిషాలలో కోసిన అంచు నుండి పాల వంటి ధార దిగుతుంది. గ్లాసు వెనుక నల్లని గుడ్డ లేదా గొడుగు పట్టిస్తే ఆ ధార సామాన్య ఫోను కెమెరాలో కూడ కనిపించే అవకాశం మెరుగుపడుతుంది. ఇక్కడ శాస్త్రవేత్త అడిగారు, సహాయకుడు చేశాడు, ముగ్గురూ చూశారు. యూరియా ఆపమని చెప్పే సలహాను రైతు నమ్మడానికి ఇంతకంటె బలమైన ఆధారం ఉండదు.

సుడిదోమకు మరొక తీరు. వలయం మధ్యలో ఎండిన దుబ్బులను కాక, వలయం అంచుకు ఆవల ఇంకా పచ్చగా ఉన్న దుబ్బులను వంచి, నీటిమట్టానికి పైన మొదళ్ళను చూపమనాలి. నీడలో కెమెరా గుడ్డిదవుతుంది కనుక రెండవ ఫోను టార్చి అవసరం. పిలక దశలో దుబ్బుకు 10–15, ఆ తరువాత 20–25 దోమలన్న గడప సంఖ్యను తెరమీద లెక్కించడం సాధ్యం కాదు. దుబ్బును తట్టి నీటిపై పడిన వాటిని సహాయకుడు లెక్కించి పైకి చెప్పాలి, ఆ సంఖ్య పత్రంలో నమోదు కావాలి. అదే కాల్‌లో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీశారో లేదో కూడ కెమెరా త్రిప్పి చూడవచ్చు. నీరు తీసి ఆరగట్టడానికి వీలున్నదో లేదో తెలుసుకొనేందుకు బోదె వైపు చూపమంటే సరి. డెల్టా చివరి భూములలో మురుగు దిగని మడికి "ఆరగట్టండి" అనే సలహా ఎంత నిరుపయోగమో ఒక్క చూపులో బోధపడుతుంది. 1925 నుండి వరి మీద పనిచేస్తున్న మార్టేరు పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్తకు స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, ఎట్లా ప్రవర్తిస్తుందో తెలుసు. ఆ మడికి మురుగు ఎటు పోతుందో మాత్రం చూస్తేనే తెలుస్తుంది.

దారి ఇరుకు

సాధారణ స్పష్టత గల దృశ్యానికి సెకనుకు సుమారు 500 కిలోబిట్లు పైకి వెళ్ళాలనుకొంటే, 10 నిమిషాల కాల్‌కు ఒకవైపు 37.5 మెగాబైట్లు అవుతుంది. అదే కాల్‌లో ధ్వనికి ఓపస్ విధానంలో సెకనుకు 24 కిలోబిట్లు చొప్పున 1.8 మెగాబైట్లు చాలు. ఓపస్ అవసరమైతే 6 కిలోబిట్ల వరకు కూడ దిగగలదు. కనుక నియమం స్పష్టం: దారి ఇరుకైనపుడు మొదట దృశ్యం ఆగాలి, మాట ఆగరాదు. చాల వేదికలు రెండింటినీ కలిపి తెంచివేస్తాయి.

ఒకే కాల్‌లో నలుగురు నిపుణులను చేర్చాలన్న ఉత్సాహం మరొక చిక్కు తెస్తుంది. బ్రౌజర్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడే పద్ధతిలో ఐదుగురు ఉంటే, పొలంలోని ఫోను తన దృశ్యాన్ని నాలుగు సార్లు పంపాలి, అనగా సెకనుకు 2 మెగాబిట్లు. మధ్యలో పంపిణీ సర్వరు ఉంచితే ఒక్కసారి పంపితే చాలు. పైగా మొబైలు నెట్‌వర్కులలో అనేక ఫోన్లు ఒకే బహిరంగ చిరునామాను పంచుకొంటాయి కనుక నేరు కలయిక తరచు విఫలమవుతుంది. 'టర్న్' అనే మధ్యవర్తి సర్వరు లేని వేదిక విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రదర్శనలో చక్కగా పనిచేసి, పొలంలో మౌనం వహిస్తుంది. ఈ సర్వర్ల గుండా దృశ్యమంతా ప్రవహిస్తుంది కనుక ఖర్చంతా అక్కడే. ప్రాజెక్టు ప్రతిపాదనలలో ఈ పద్దు చేర్చకపోతే మొదటి సంవత్సరం నిధులు ముగియగానే సేవ కూడ ముగుస్తుంది.

2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో ఇంటింటికి ఫైబర్ కనెక్షను వచ్చింది. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగమన్నది నాటి వాగ్దానం. ఫైబర్ ఇంటి వరకు, కేంద్రం వరకు వస్తుంది. చేను వరకు రాదు. అక్కడ మొబైలు టవరే దిక్కు. టవరు ప్రసార శక్తితో పోలిస్తే చేతిలోని ఫోను శక్తి స్వల్పం. కొబ్బరి తోటల దట్టమైన ఆకులు ఆ సంకేతాన్ని మరికొంత పీల్చుకొంటాయి.

ఎవరి చేను, ఎవరి పేరు

కాల్ రికార్డు చేయడం బోధనకు ఎంతో ఉపయోగకరం. ఒక సార్వాలో జరిగిన నిర్ధారణలు చివరి సంవత్సరం విద్యార్థులకు ఏ పాఠ్యగ్రంథమూ ఇవ్వలేని సామగ్రి. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఏ ప్రయోజనానికి ఇచ్చారో దానికే పరిమితం. పంట చూడమని అడిగిన రైతు తరగతి గదిలో ప్రదర్శనకు ఒప్పుకొన్నట్లు కాదు. రెండు సమ్మతులు వేర్వేరుగా, తెలుగులో, అడగాలి.

డెల్టాలో దీనికంటె సున్నితమైన విషయం కౌలు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని అనుమతించినా, కాగితం లేని మాట కౌలు విస్తారంగానే ఉంది. సమస్య పత్రం తెరవాలంటే పట్టాదారు పాసు పుస్తకం సంఖ్య తప్పనిసరి అన్న నిబంధన పెడితే, చేనులో నిలబడిన మనిషికే ఆ వేదికలో చోటుండదు. వీడియోతో పాటు పొలం స్థానాన్ని, సర్వే నంబరును తనంతట తానే నమోదు చేసే ఏర్పాటు కౌలుదారును భయపెడుతుంది. తాను అక్కడ సాగు చేస్తున్నట్లు రికార్డు పుట్టడం వచ్చే ఏడాది ఆ భూమి తనకు దక్కకపోవడానికి కారణం కావచ్చునని ఆయనకు తెలుసు. తెగులు నిర్ధారణకు గ్రామం, కాలువ, రకం, ఊడ్పుల తేదీ చాలును. పేరు ఐచ్ఛికంగా ఉండవచ్చు.

ఇక తుపానులు. ఫైబర్ తీగలు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగుతున్నందున స్తంభం ఒరిగితే కరెంటు, ఇంటర్నెట్ రెండూ ఒకేసారి పోతాయి. కోతలకు ముందు చేను పడిపోయి, గింజ మొలకెత్తకుండ ఉప్పు ద్రావణం ఎంత మోతాదులో చల్లాలని రైతులంతా ఒకేరోజు అడిగే రోజు అదే. ఆ రోజుకు వేదికలో ఉండవలసినది వీడియో కాదు. సిగ్నలు లేకున్నా పత్రం నింపనిచ్చి, ఫొటోలను ఫోనులోనే భద్రపరచి, టవరు తిరిగి లేచిన క్షణాన మొదట అక్షరాలను, తరువాత ఫొటోలను పంపే ఏర్పాటు ఉండాలి. బ్రౌజర్లకు ఈ సామర్థ్యం కూడ ఉంది. వీడియో మీట కంటె ముందుగా దీనిని నిర్మించి, ఒక సార్వా కాలం ఉండి మండలం వంటి ఒక్క మండలంలో పరీక్షించి చూడటం మంచిది.